ఒంటిగంట దాకా సమానత్వం

కువైత్‌లో నాకు ఉద్యోగం వచ్చిందంటే నమ్మనివాళ్ళలో మొదటివారు మావారే. ఆయన ఇక్కడ ఇంజనీరు. నేనేమో విజయవాడలో కార్మికుల కేసులు వాదించి వాదించి గొంతు బొంగురుపోయిన వకీలును. ఆయన వెంట వచ్చి, సముద్రం కనిపిస్తుందని ఏజెంటు ఒట్టేసి చెప్పిన అబూ హలీఫా పేట ఫ్లాట్‌లో, సముద్రం బదులు ఎదుటి భవనంవాళ్ళు ఆరేసుకున్న లుంగీలు చూస్తూ రెండేళ్ళు కూర్చున్నాను. ఇంట్లో వాదించడానికి ఆయన ఒక్కరే దొరికేవారు. ఆయన మీద గెలవడంలో నాకు పస కనిపించడం మానేసింది.

ఆ సమయంలో ఒక ప్రభుత్వ శాఖవారు సమాన ఉద్యోగ అవకాశాల విభాగానికి న్యాయవాది కావాలన్నారు. పూట పని. కాంట్రాక్టు కంపెనీలు ఇంగ్లీషులో దెబ్బలాడుతున్నాయి కాబట్టి ఇంగ్లీషులో తిరిగి దెబ్బలాడేవాళ్ళు కావాలట. ఈ పనికి నన్ను మించినవాళ్ళు లేరని నాకు ఎటువంటి సందేహమూ లేదు.

తీసుకునే ముందు వాళ్ళు ఒక కాగితం అడిగారు. నేను ఉద్యోగం చేయడానికి మావారికి అభ్యంతరం లేదని మావారి సంతకం. ఈ దేశంలో ఉండటానికి నాకున్న అనుమతి, అదే ఇఖామా, ఆయన మీద ఆధారపడి ఉంది మరి. ఆడా మగా సమానమేనా అని చూసే కుర్చీలో కూర్చోవడానికి మొగుడి అనుమతి! ఆయన కలం పట్టుకొని దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు నటించి, "రాత్రికి గుత్తివంకాయ చేస్తావా మరి?" అన్నారు. నేను చూసిన చూపుకు గబగబా సంతకం పెట్టి, కలానికి మూత కూడా తనే పెట్టారు.

పూట పని అంటే తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. అంతకు మించి చేయడానికి నా పర్మిటు ఒప్పుకోదు. శాఖలో ఇంకా ఇద్దరు పూర్తికాలపు వకీళ్ళు ఉండేవారు. టెండర్లూ స్థలాలూ వాళ్ళు చూసేవారు. సమానత్వానికి సగం పూట చాలునని పైవాళ్ళు నిర్ణయించారు. ఒంటిగంట తరువాత ఎవరికైనా అన్యాయం జరిగితే మర్నాడు తొమ్మిదికి రావాలి. నా గది మెట్ల కింద ఉండేది. శాఖలో విరిగిన కుర్చీలన్నీ అందులోనే పడేసేవారు. కాలు పోయినవీ, చేయి పోయినవీ, చక్రం ఊడినవీ అన్నీ ఏ వివక్షా లేకుండా నా దగ్గరికే వచ్చేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఫిర్యాదు చేసేవాళ్ళ వకీలును కాదు, శాఖ వకీలును. వివక్ష జరిగిందని ఎవరైనా అంటే, జరిగిందా లేదా అని శాఖకు అభిప్రాయం రాసివ్వడం నా పని. జరగలేదని రాస్తే అందరూ సంతోషించేవారు. జరిగిందని రాస్తే నా ఇంగ్లీషును మెచ్చుకునేవారు.

అందరికంటే ఎక్కువగా మెచ్చుకునేవారు మా ముదీర్ గారు. ముదీర్ అంటే విభాగానికి పెద్ద. ఎడారి తెగలో పుట్టి, ఇంగ్లండులో చదువుకొచ్చి, తెల్లని దుస్తుల మీద ముడత పడనివ్వని మనిషి. నన్ను "ఉస్తాదా" అని పిలిచేవారు, మన వైపు వకీలు గారూ అన్నట్టు. నేను రాసిన ప్రతి అభిప్రాయాన్నీ రెండు చేతులతో అందుకొని, "అద్భుతం ఉస్తాదా, ఇన్షా అల్లా చదువుతాను" అని సొరుగులో పెట్టి తాళం వేసేవారు. ఆ సొరుగులోకి వెళ్ళిన కాగితం మళ్ళీ వెలుగు చూడగా నేనెప్పుడూ చూడలేదు.

ఫిర్యాదులు తీరేది కాఫీతో. ఇక్కడి కాఫీ మన కాఫీ కాదు. పాలుండవు, చక్కెర ఉండదు, లేత పసుపు రంగులో యాలకుల వాసన వేస్తుంది. ఫింజాన్ అనే పిడి లేని బుల్లి కప్పులో రెండు గుక్కలు పోస్తారు. చాలనుకుంటే ఆ ఫింజాన్‌ను కొంచెం అటూ ఇటూ ఊపి ఇచ్చేయాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. చేరిన రోజు ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. వద్దంటే ఏమనుకుంటారోనని విజయవాడ మర్యాద కొద్దీ పోసిందల్లా తాగాను. పోసే మనిషికి చెయ్యి పీకింది, నాకు గుండె దడ పుట్టింది. ముదీర్ గారు మాత్రం కొత్త వకీలుకు మా కాఫీ ఎంత నచ్చిందో చూశారా అని శాఖంతా చెప్పుకొచ్చారు.

ఫిర్యాదు ఇచ్చినవాళ్ళనూ, కంపెనీ తరఫు మనిషినీ ముదీర్ గారు తన గదిలో కూర్చోబెట్టేవారు. ఆరోగ్యం అడిగేవారు, పిల్లల్ని అడిగేవారు, ఎండల్ని తిట్టేవారు. కాఫీ వచ్చేది, ఖర్జూరాలు వచ్చేవి. ఫిర్యాది బెరుకుగా రెండు గుక్కలు తాగగానే ముదీర్ గారు చేతులు చాచి "ఖలాస్! మనమంతా ఒకటే కుటుంబం" అనేవారు. ఖలాస్ అంటే ఇక అయిపోయిందని. టైపిస్టు 'రాజీ కుదిరింది' అని టైపు కొట్టేసేవాడు. ఏం కుదిరిందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి ఫిలిప్పీన్స్ నర్సు ఒకామె అలాగే కాఫీ తాగి, గుప్పిట్లో ఖర్జూరాలతో బయటికి వచ్చి, "మేడమ్, నేను గెలిచానా?" అని నన్ను అడిగింది. ఆమె ఆ ఖర్జూరాల్లో ఒకటి నాకిచ్చి వెళ్ళింది.

ఇంటికొచ్చి గిన్నెలు దబదబా తోముతుంటే మావారు "ఇవాళ కూడా రాజీ కుదిరిందా?" అని అడిగేవారు.

అలా ఉండగా కోనసీమ అమ్మాయి వచ్చింది. అమలాపురం దగ్గర ఏదో లంక గ్రామం. ప్రభుత్వ క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. క్లినిక్ ప్రభుత్వానిదైనా ఆమె జీతమూ ఇఖామా ఒక కాంట్రాక్టు కంపెనీ చేతిలో ఉండేవి. మంగఫ్ పేటలో ఆమే భర్తా ఇంకో కుటుంబంతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్నారు. భర్త ఒక గోడౌన్‌లో పని చేస్తాడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నెల తప్పింది. ఆ సంగతి తెలిసిన వారంలోనే కంపెనీవాళ్ళు, వచ్చే కాంట్రాక్టులో నీకు చోటు లేదు, ఇఖామా అయిపోగానే వెళ్ళిపోవచ్చు అన్నారు.

నా మెట్ల కింది గదిలో విరగని కుర్చీ వెతికి కూర్చోబెట్టాను. ఎక్కడా కన్నీళ్ళు లేవు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకొని, పరీక్షకు వచ్చినదానిలా నిటారుగా కూర్చుంది.

"ఇక్కడి లైసెన్సు కోసం ఎన్నిసార్లు పరీక్ష రాసేనో మీకు తెలీదండి," అంది. "ఇప్పుడు పంపేస్తే మళ్ళీ రానియ్యరండి. ఆయన్ని ఒక్కణ్ణీ ఇక్కడొదిలేసి నేనెళ్ళి పురుడు పోసుకుని, ఇంక బిడ్డకి నాన్నని ఫోన్లో చూపించుకోవడమేనండి. నాకు ఉద్యోగం ఉంచమని చెప్పండి మేడమ్ గారూ. ఇంకేం వద్దండి."

"నేను నీ వకీలును కాదమ్మా, శాఖ వకీలును," అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, అన్నప్పుడల్లా నాకే చిరాకు.

"ఆయ్, తెలుసండి. అయినా మీరు తెలుగోరు కదండీ," అంది.

కడుపుతో ఉందన్న కారణంగా ఆడమనిషిని ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. కంపెనీ సమాధానం కూడా అంతే స్పష్టంగా ఉంది. మేము తీసేయలేదు, మళ్ళీ తీసుకోలేదు, రెండూ వేరు. పైగా ల్యాబ్‌లో రసాయనాలుంటాయి కాబట్టి ఆమె ఆరోగ్యం గురించి మాకు చాలా బెంగగా ఉంది. అంత బెంగ ఉన్నవాళ్ళు మొన్నటిదాకా ఆమెకు వరసగా రెండు షిఫ్టులు ఎలా వేశారని నేను అడిగితే, అది క్లినిక్ వాళ్ళ నిర్ణయం అన్నారు. క్లినిక్‌ను అడిగితే సిబ్బంది సంగతి కంపెనీదే అన్నారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత గౌరవమో!

ఒళ్ళు మండి, పూటపని పర్మిటును పక్కన పెట్టి ఇంటి దగ్గర కూడా కూర్చొని రాశాను. నా జన్మలో అంత మంచి అభిప్రాయం రాయలేదు. ఎక్కడ పట్టుకున్నా కంపెనీ ఊపిరాడకుండా రాశాను. ముదీర్ గారు రెండు చేతులతో అందుకున్నారు. "అద్భుతం, ఉస్తాదా." సొరుగు. తాళం.

వారాలు గడిచాయి. అడిగినప్పుడల్లా "ఇన్షా అల్లా" అన్నారు. ఇఖామా గడువు దగ్గర పడుతోంది. ఆ అమ్మాయి మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "మీరు రాసేరు కదండీ, అయిపోద్దండి," అని నాకే ధైర్యం చెప్పేది. చివరికి ఒక ఆదివారం ముదీర్ గారు నన్ను పిలిచి, "రేపు ఆ ల్యాబ్ అమ్మాయిని రమ్మను. కంపెనీ మందూబ్ కూడా వస్తాడు. కాఫీ తాగుదాం," అన్నారు. మందూబ్ అంటే కంపెనీ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. కాఫీ అన్న మాట వినగానే రేపటితో ఈ అమ్మాయి పని అయిపోయిందని అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. మంగఫ్ నుంచి బస్సు మారి వచ్చినట్టుంది, మొహం వాడిపోయింది. రాత్రి కురిసిన వానకు రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో నడిచి చీర అంచు తడుపుకుంది.

"ఏమైనా తిన్నావా?" అన్నాను.

"లేదండి, ఉపాసమండి. కార్తీక సోమారం కదండీ. చుక్క పొడిచేదాకా ఏం ముట్టనండి."

"కడుపుతో ఉండి ఉపవాసమేమిటి, బుద్ధుందా?"

"తెల్లారగట్ల గ్లాసుడు పాలు తాగేనండి. మా అత్తగారు కూడా ఫోన్లో వద్దనే అన్నారండి. ఈ ఉద్యోగం నిలబడితే అన్ని సోమారాలూ ఉంటానని మొక్కేసుకున్నానండి. ఇంక మానకూడదు కదండీ."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంకా నాలుగు తిట్టబోతే లోపలి నుంచి పిలుపు వచ్చింది.

ముదీర్ గారి గదిలో మందూబ్ అప్పటికే కూర్చొని ఉన్నాడు. పాతికేళ్ళ కువైతీ కుర్రవాడు, ముదీర్ గారి తెగవాడే, ఏదో వరసకు చుట్టం కూడాను. ఇద్దరూ అరబ్బీలో నవ్వుకుంటున్నారు. నాకు అరబ్బీ అంతంత మాత్రమే వచ్చినా వాళ్ళు దేనికి నవ్వుతున్నారో అర్థమైంది. ఫుట్‌బాల్. అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది. ముదీర్ గారు ఆరోగ్యం అడిగారు, నేను తెలుగులో చెప్పాను. బిడ్డ ఎప్పుడని అడిగారు. వాన బాగుందన్నారు. కాఫీ వచ్చింది.

పోసే మనిషి ఆమె చేతిలో ఫింజాన్ పెట్టాడు. ఆమె వద్దనలేక రెండు చేతులతో అందుకుంది. నా వైపు చూసింది, కాఫీ వైపు చూసింది. తరువాత మెల్లగా దాన్ని ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టేసి, పైట సర్దుకొని తల వంచుకుంది.

మందూబ్ నవ్వు ఆగిపోయింది. ముదీర్ గారు తన ఫింజాన్ నోటి దాకా తీసుకెళ్ళి దించేశారు.

"ఆమె..." అని నేను మొదలుపెట్టాను.

ముదీర్ గారు చెయ్యెత్తారు. "నువ్వు మాట్లాడకు, ఉస్తాదా." నాతో ఆయన అలా అనడం అదే మొదలు. నాకు చర్రున కోపం వచ్చింది కానీ నోరు మూసుకున్నాను.

ఆయన కుర్రవాడి వైపు తిరిగి అరబ్బీలో నిదానంగా అన్నారు, నాకు కూడా అర్థమయ్యేంత నిదానంగా. "చూశావా? అతిథి కాఫీ కింద పెట్టింది."

"పరదేశీ మనిషి, ఆమెకేం తెలుసు?" అన్నాడు మందూబ్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు. నీకు తెలుసు కదా. మన గుడారానికి పనిబడి వచ్చినవాడు కాఫీ కింద పెడితే, అడిగింది ఇస్తామనే దాకా తాగడు. తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి ముఖం ఉండదు. సాయంత్రం మీ మామ మా దీవానియాకు వస్తాడు. ఏం చెప్పను? మీ మేనల్లుడి మూలంగా కడుపుతో ఉన్న ఆడమనిషి నా గదిలోంచి కాఫీ ముట్టకుండా పోయిందని చెప్పనా?"

దీవానియా అంటే మగవాళ్ళు సాయంత్రాలు చేరి కబుర్లాడుకునే చావడి. ఈ ఊళ్ళో ఎవడి పరువు ఏ పాటిదో అక్కడ తేలుతుంది. మందూబ్ కంపెనీ పెద్దలకు ఫోన్ కలిపి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు మాట్లాడాడు, ఎక్కువసేపు వినడమే. అమ్మాయి నా కొంగు పట్టుకొని, "ఏంటండీ, కోపమొచ్చిందాండీ? ఉపాసమని చెప్పండి మేడమ్ గారూ, అమర్యాద కాదని చెప్పండి," అని గుసగుసలాడింది. నేను ఆమె చెయ్యి నొక్కి ఊరుకోబెట్టాను.

మందూబ్ తిరిగి వచ్చి, కొత్త కాంట్రాక్టులో ఆమె ఉంటుందనీ, పురిటి సెలవు తరువాత అదే ల్యాబ్‌లో అదే పనిలో చేరవచ్చనీ అన్నాడు. ముదీర్ గారు అప్పటికప్పుడే ఆ మాట టైపు చేయించి అతనితో సంతకం పెట్టించారు, తను పెట్టారు. వారాల తరబడి సొరుగులో నిద్రపోయిన న్యాయం పావుగంటలో లేచి ముఖం కడుక్కుంది. మందూబ్ తన కాఫీ ఒక్క గుక్కలో మింగి వెళ్ళిపోయాడు. అమ్మాయిని బయట కూర్చోమని పంపించాను.

ఇద్దరమే మిగిలాక నేను ఆగలేకపోయాను. "ఆమె మీ ఆచారం ప్రకారం కాఫీ కింద పెట్టలేదు. ఉపవాసంలో ఉంది, అంతే."

"తెలుసు," అన్నారు ముదీర్ గారు. "ఇవాళ సోమవారం. మా ప్రవక్త ఉండేవారని మా అమ్మ కూడా సోమవారాలు ఉపవాసం ఉండేది. ఎండిన పెదవులు నాకు తెలియవా?"

"మరి నా అభిప్రాయం? చదివారా అసలు?"

"మొదటి వారమే చదివాను. అక్షరం తప్పులేదు." ఆయన సొరుగు వైపు చూశారు. "దాన్ని పైకి పంపితే కంపెనీ ఇంకో వకీలుతో ఇంకో అభిప్రాయం రాయిస్తుంది. రెండూ చూసి తేల్చడానికి కమిటీ వేస్తారు. కమిటీ కూర్చునేసరికి ఆ బిడ్డ బడికి వెళ్తుంటుంది. కాఫీకి కమిటీ ఉండదు, ఉస్తాదా."

"ఫైల్లో ఏమని రాయను?"

"చట్ట ప్రకారం, నీ అభిప్రాయం ప్రకారం అని రాయి. అది నిజమే కదా."

ఆయన మంచివాడని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన మీద అంత కోపం వచ్చింది కూడా ఆ రోజే. లా కాలేజీలో చదివిందీ, కోర్టుల్లో అరిచిందీ, ఇక్కడ పేజీలకు పేజీలు రాసిందీ అంతా కలిపి బల్ల మీద చల్లారిపోయిన ఆ రెండు గుక్కల పాటి చేయలేదు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక బయటికి వచ్చాను.

అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి ఉంది. సంతకం పెట్టిన కాగితం చేతికిస్తే కళ్ళకద్దుకుంది. తరువాత వంగి నా కాళ్ళకు దండం పెట్టబోతే పట్టుకొని ఆపాను.

"మీరు రాసిన కాయితాలు చూసే సంతకం పెట్టేరు కదండీ? మీ మేలు మర్చిపోలేనండి. ఆడపిల్ల పుడితే లా చదివిస్తానండి," అంది.

అవునంటే సరిపోయేది. ఫైల్లో నేను రాయబోయేదీ అదే. కానీ ఆ మొహం చూసి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాఫీ సంగతి మొత్తం చెప్పేశాను. వాళ్ళ గుడారం ఆచారం, కుర్రవాడి మామ, దీవానియా, ముదీర్ గారి అమ్మ సోమవారాలు, అన్నీ.

ఆమె నవ్వుతుందనుకున్నాను. అంతా విని ఆ కాగితాన్ని మడవబోయి ఆగింది.

"అంటే మేడమ్ గారూ," అంది చివరికి, "మొక్కు లేకపోతే, ఇయ్యాళ ఏ మంగళారమో అయితే, నేనూ తాగేసుందును కదండీ. పెద్దాయన మర్యాదకి ఇస్తే కాదంటామా ఏంటి. అప్పుడు నా ఉద్యోగం పోయేదాండీ?"

ఎన్ని కాఫీలు తాగడం చూశాను నేను ఆ గదిలో! ఎంతమంది చేత!

"పోయేదమ్మా," అన్నాను.

ఇన్ని వారాల్లో ఒక్క కన్నీటి చుక్క రాల్చని పిల్ల, ఉద్యోగం నిలబడ్డ కాగితాన్ని చేతిలో పెట్టుకొని, మెట్టు మీద కూలబడి, భయంతో ఏడ్చింది. నేను కూడా పక్కనే కూర్చున్నాను.